నంబరు కాదు, అల చూపించమనండి

సంపాదకులకు నమస్కారం.

నవంబరు నుంచి ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం దాకా హైదరాబాద్‌లో ఏ బడిలో, ఏ కాలేజీలో సైన్స్ ప్రదర్శన పెట్టినా ఏదో ఒక బల్ల మీద గుండె వేగం కొలిచే పరికరం ఉంటుంది. ఒక ఆర్డునో బోర్డు (ప్రోగ్రాము రాసి నడిపే చిన్న సర్క్యూట్ పలక), వేలికి చుట్టే చిన్న సెన్సర్, నంబరు చూపే తెర. పిల్లలు ఇలాంటివి సొంతంగా కట్టడం ఎంతో మంచిది. కానీ తెర మీద కనబడే నంబరు చాలాసార్లు గుండెది కాదు. వేలు తీసేసినా 72 అనో 75 అనో అక్కడే ఉంటుంది. మార్కులు వేసేవారు ఆ 72 చూసి, సరిగ్గానే ఉందనుకుని పక్క బల్లకు వెళ్లిపోతారు. పని చేయని పరికరం కంటే, నమ్మదగిన అబద్ధం చెప్పే పరికరం ప్రమాదకరం. ఇంట్లో తాతయ్యకో అమ్మమ్మకో అదే పెట్టి చూస్తారు కదా. ఈ లోపాలు ఎక్కడ పుడతాయో, ఎలా పట్టుకోవాలో విద్యార్థులకూ వారి ఉపాధ్యాయులకూ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

సెన్సర్ చేసే పని ముందు చెప్పుకుందాం. ఆకుపచ్చ ఎల్ఈడీ వెలుగు వేలి చర్మంలోకి వెళ్తుంది. రక్తం ఆకుపచ్చ వెలుగును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ వేలి కొసలో రక్తం కాస్త పెరిగి, తిరిగి వచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ తేడా మొత్తం వెలుగులో ఒకటి రెండు శాతానికి మించదు. అందుకే సెన్సర్‌లోనే ఒక ఆంప్లిఫయర్ పెడతారు. అది ఈ చిన్న తేడాను పెంచి, సరఫరా వోల్టేజీలో సగం దగ్గర నిలబెడుతుంది. 5 వోల్టులు ఇస్తే సిగ్నల్ 2.5 వోల్టుల చుట్టూ పైకీ కిందికీ ఊగుతుంది. ఇంతగా పెంచే ఆంప్లిఫయర్‌కు గుండె స్పందన ఏదో, ట్యూబులైటు రెపరెప ఏదో, వేలి కదలిక ఏదో తెలియదు. అన్నిటినీ పెంచుతుంది. వేరు చేయాల్సింది మనం.

"సెన్సర్ పాడైపోయింది సార్" అంటూ పిల్లలు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఇంకొకటి కొనుక్కొస్తారు. రెండోదీ అలాగే చేస్తుంది. నిజంగా సెన్సరే పోవడం తక్కువ. కొనే ముందు మల్టీమీటరుతో (వోల్టేజీ కొలిచే పరికరంతో) చూడాలి. వోల్టేజీని బోర్డు దగ్గర కాకుండా సెన్సర్ ప్యాడ్ల మీదే కొలవాలి. బోర్డు దగ్గర 5 ఉండి సెన్సర్ దగ్గర 4.2 ఉంటే బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా భాగాలు గుచ్చే పలక) కాంటాక్టో జంపర్ వైరో వదులుగా ఉన్నట్టు. మాడ్యూలుతో విడిగా ఇచ్చే పిన్నుల వరుసను టంకం పెట్టకుండా రంధ్రాల్లోకి దూర్చి వాడేవారు చాలామంది. అది ఒకసారి తగులుతుంది, ఒకసారి తగలదు, చెయ్యి కదిలినప్పుడల్లా తెర మీద కొత్త గుండెజబ్బు కనిపిస్తుంది. టంకం పెట్టక తప్పదు.

తర్వాత బోర్డునూ కోడ్‌నూ సెన్సర్ లేకుండా పరీక్షించాలి. ఊనో (మామూలుగా వాడే ఆర్డునో రకం) 0 నుంచి 5 వోల్టులను 0 నుంచి 1023 దాకా అంకెలుగా చదువుతుంది. ఆ బోర్డులో సెన్సర్ సిగ్నల్ వైరు తీసేసి, సిగ్నల్ చదివే ఏ0 పిన్నును ఒక వైరుతో గ్రౌండుకు కలిపితే సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే అంకెలను కంప్యూటర్‌లో చూపే కిటికీలో) 0 రావాలి. 5 వోల్టులకు కలిపితే 1023 రావాలి. 3.3 వోల్టుల పిన్నుకు కలిపితే 675 దగ్గర రావాలి. యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులు నిజానికి 4.7 ఉంటే అది 718 వరకు వెళ్తుంది, అదీ సరైనదే. ఈ మూడూ వస్తే బోర్డులో, కోడ్ చదివే పద్ధతిలో తప్పు లేదని తేలినట్టే. ఏ0కు ఏమీ కలపకపోయినా ఏవో అంకెలు గెంతుతూ కనిపిస్తాయి. గాలిలో ఉన్న పిన్ను చుట్టుపక్కల కరెంటు వైర్ల నుంచి పట్టుకునే అంకెలవి. సిగ్నల్ వైరు ఊడిపోయినప్పుడు వాటినే నాడి అనుకుంటారు.

ఇక అన్నిటికంటే ఎక్కువగా కనబడే చిక్కు థ్రెషోల్డ్. సిగ్నల్ ఏ అంకె దాటితే ఒక స్పందనగా లెక్క పెట్టాలో కోడ్‌కు చెప్పే హద్దు అది. పల్స్ సెన్సర్ లైబ్రరీ (ముందే రాసి ఇచ్చిన కోడ్) ఉదాహరణల్లో ఇది 550 ఉంటుంది. అది ఊనోకు 5 వోల్టులు ఇచ్చినప్పటి లెక్క. మధ్య గీత 512, దానికి కొంచెం పైన 550. ఇప్పుడు అదే సెన్సర్‌ను ఊనోలోని 3.3 వోల్టుల పిన్నుకు పెట్టండి. మధ్య గీత 1.65 వోల్టులకు, అంటే 338కి దిగిపోతుంది. 550 అంటే 2.7 వోల్టులు. మామూలు స్పందన శిఖరాలు అంత ఎత్తుకు లేవవు. ఆకుపచ్చ లైటు చక్కగా వెలుగుతుంది, సీరియల్ ప్లాటర్‌లో (అంకెలను గ్రాఫుగా గీసే కిటికీలో) అల కూడా అందంగా కనిపిస్తుంది, లెక్క మాత్రం ఒక్కటి కూడా రాదు. సెన్సర్ మార్చినంత మాత్రాన ఇది పోదు. సెన్సర్‌ను 5 వోల్టులకు మార్చాలి, లేదంటే థ్రెషోల్డ్‌ను 360, 370 దగ్గరికి దించాలి.

వైఫై కూడా ఉన్న ఈఎస్‌పీ32 బోర్డులో ఇదే చిక్కు తలకిందులుగా వస్తుంది. అక్కడ అంకెలు 0 నుంచి 4095 దాకా వెళ్తాయి, మధ్య గీత 2000 చుట్టుపక్కల ఉంటుంది. ఊనో కోడ్‌లోని 550 అలాగే వదిలేస్తే సిగ్నల్ ఎప్పుడూ హద్దుకు పైనే ఉంటుంది కనుక దాటడం అనేదే జరగదు. ప్లాటర్‌లో మధ్య గీతనూ శిఖరాన్నీ చూసుకుని, ఆ రెంటికీ నడుమ సగం కంటే కాస్త పైన హద్దు పెట్టాలి. ఈఎస్‌పీ32 పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోలేవు, కాబట్టి సెన్సర్‌కు కూడా 3.3 మాత్రమే ఇవ్వాలి. సిగ్నల్‌ను 32 నుంచి 39 వరకు ఉన్న అనలాగ్ పిన్నుల్లో ఒకదానికి పెట్టాలి. 4, 25, 26, 27 లాంటి పిన్నుల అనలాగ్ రీడింగు వైఫై ఆన్ చేయగానే ఆగిపోతుంది. ఇంట్లో బాగా పనిచేసింది, మొబైల్‌కు పంపడం మొదలుపెట్టగానే ఆగిపోయిందనే ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి కారణం ఇదే.

వేలు లేకుండానే 72 ఎలా వస్తుందన్నది వివరంగా చెప్పాల్సిన విషయం. మన ఇళ్లలో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు వల్ల పుట్టే గుర్రు (హమ్) సెన్సర్ వైర్లలోకి చేరుతుంది, ట్యూబులైటు, చవక ఎల్ఈడీ బల్బు రెపరెప సెకనుకు 100 సార్లు ఉంటుంది. ఇప్పుడు విద్యార్థి కోడ్ చూడండి. అనలాగ్ రీడ్ (సిగ్నల్ చదవడం), ప్రింట్ (అంకె పంపడం), తర్వాత డిలే 20 (20 మిల్లీసెకన్లు ఆగడం). రీడ్, ప్రింట్ కలిసి అర మిల్లీసెకను తీసుకుంటే ఒక్కో చుట్టు 20.5 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు 48.8 సార్లు చదువుతున్నాం. సెకనుకు 50 సార్లు ఊగేదాన్ని 48.8 సార్లు చూస్తే, ఆ రెంటి తేడా 1.2 వేగంతో ఊగే నెమ్మది అలగా కనిపిస్తుంది. 1.2ను 60తో గుణిస్తే నిమిషానికి 73. ఆరోగ్యవంతుడి నాడి! వేలు అక్కర్లేదు, రబ్బరు ముక్క మీద పెట్టినా చాలు. ప్లాటర్‌లో అల నునుపుగా, క్రమంగా ఉంటుంది కనుక చూసేవారికి అనుమానం కూడా రాదు.

దీన్ని పట్టుకోవడం సులభం. డిలేను 20 నుంచి 21 చేయండి. చుట్టు 21.5 మిల్లీసెకన్లు అవుతుంది, దొంగ నాడి ఒక్కసారిగా 200 దాటుతుంది. నిజమైన గుండెకు మన కోడ్‌లోని డిలేతో సంబంధం లేదు, దాని వేగం మారదు. లైటు ఆపి చూడండి, ల్యాప్‌టాప్ చార్జరు గోడ నుంచి తీసి చూడండి. అల మాయమైతే అది గుండె కాదు.

మందు కూడా సులభమే. ప్రతి 2 మిల్లీసెకన్లకు ఒకసారి, టైమర్ ఇంటరప్ట్‌తో (గడువు కాగానే చిప్పు తనంతట తానే ఆ పనికి మళ్లే ఏర్పాటుతో) కచ్చితంగా చదవాలి. వరుసగా చివరి 10 రీడింగుల సగటు తీసుకుంటూ పోవాలి. 10 రీడింగులంటే 20 మిల్లీసెకన్లు, అంటే కరెంటు అల సరిగ్గా ఒక చుట్టు తిరిగే సమయం. ఆ చుట్టులో పైభాగం, కిందిభాగం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 100 సార్ల రెపరెప అదే సమయంలో రెండు చుట్లు తిరుగుతుంది కనుక అదీ పోతుంది. నాడి సెకనుకు ఒకటి నుంచి మూడు సార్లు మాత్రమే ఊగుతుంది కాబట్టి ఈ సగటు వల్ల దానికి నష్టం ఉండదు. ఊనోలో ఇందుకు టైమర్ 2 వాడితే 3, 11 పిన్నుల మీద అనలాగ్ రైట్ (వెలుగు హెచ్చుతగ్గులు చేసే ఆదేశం) పనిచేయదని గుర్తుంచుకోవాలి. బజర్‌నో లైటునో ఆ పిన్నులకు పెట్టి, అది పనిచేయడం లేదని గంటలు గంటలు వెతుకుతారు.

సమయం లెక్కలోనే ఇంకో తప్పు దాగి ఉంటుంది. కొన్ని కోడ్‌లు ఒక్కో రీడింగుకు 2 మిల్లీసెకన్లు అని కూడుకుంటూ పోతాయి. సీరియల్ వేగం 9600 ఉంటే ఒక్కో అక్షరం పంపడానికి మిల్లీసెకను పైన పడుతుంది. మూడంకెల రీడింగు, వరుస చివరి రెండు గుర్తులు కలిపి 5 మిల్లీసెకన్లు దాటుతుంది. నిజంగా 5.2 మిల్లీసెకన్లు గడిస్తే కోడ్ 2 అనుకుంటుంది. 72 ఉన్న మనిషికి తెర 187 చూపిస్తుంది. సీరియల్ వేగాన్ని 115200కు మార్చి, సమయాన్ని మిల్లిస్ (బోర్డు లోపలి గడియారం) నుంచే తీసుకుంటే ఈ బాధ పోతుంది. చిన్న ఓఎల్ఈడీ తెర కూడా ఇలాంటి చిక్కే తెస్తుంది. 128 బై 64 తెరను మొత్తం ఒకసారి నింపడానికి 1024 బైట్లు పంపాలి, ఐ2సీ (రెండు వైర్ల మీద డేటా పంపే పద్ధతి) వేగం 100 కిలోహెర్ట్జ్ ఉంటే 90 మిల్లీసెకన్లు దాటుతుంది. ప్రతి చుట్టులో తెర నింపితే ఆ సేపు సెన్సర్‌ను ఎవరూ చదవడం లేదన్నమాట. ఐ2సీని 400కు పెంచి, నంబరు సెకనుకు ఒక్కసారి మారిస్తే సరిపోతుంది.

సరిగ్గా రెట్టింపు నంబరు వస్తే, అంటే మణికట్టు మీద 72 ఉన్నప్పుడు తెర మీద 144 ఉంటే, కారణం వేరు. ప్రతి స్పందనకూ పెద్ద శిఖరం తర్వాత ఒక చిన్న గుబ్బ వస్తుంది. గుండె కవాటం మూసుకున్న తర్వాత రక్తనాళంలో వచ్చే మార్పు అది. వయసులో ఉన్నవారిలో స్పష్టంగా కనిపిస్తుంది. కోడ్ దాన్ని రెండో స్పందనగా లెక్కేస్తోంది. ఒక స్పందన తర్వాత కనీసం 250 మిల్లీసెకన్లు, అంతకుముందు రెండు స్పందనల మధ్య ఉన్న విరామంలో ఐదింట మూడు వంతులు గడిచేదాకా కొత్తది లెక్కపెట్టకూడదు. మంచి లైబ్రరీలలో ఈ నియమం ఉంటుంది. పిల్లలు కోడ్ కుదించేటప్పుడు మొదట తీసేసేది దీన్నే. అలాగే 2.5 సెకన్ల పాటు ఏ స్పందనా రాకపోతే పాత నంబరు తుడిచి దాని చోట అడ్డగీతలు (--) చూపించాలి. ఆ పని చేయని పరికరం వేలు తీసేశాక కూడా పాత నంబరే పట్టుకుని కూర్చుంటుంది. కొన్ని కోడ్‌లలో నంబరు 60కి తగ్గకుండా, 100కి మించకుండా కత్తిరించే వరుస కూడా ఉంటుంది. తెర అందంగా కనబడాలని అలా రాస్తే కొలత అనే మాటకే అర్థం ఉండదు. ఆ వరుస కనిపిస్తే తీసేయించాలి.

వేలి సంగతికి వస్తే, గట్టిగా నొక్కడమే పెద్ద పొరపాటు. వేలి కొస తెల్లబడేంత నొక్కితే అక్కడ రక్తమే ఉండదు, అల చచ్చిపోతుంది. వదులుగా పెడితే ప్రతి కదలికా స్పందనలాగే కనిపిస్తుంది. చేత్తో నొక్కి పట్టుకోవద్దు. వెల్క్రో పట్టీతో చుట్టి, చెయ్యి బల్ల మీద పెట్టి, పది సెకన్లు కదలకుండా ఉంచాలి. డిసెంబరు పొద్దున చల్లబడ్డ వేళ్లలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, అరచేతులు రుద్దుకుని వెచ్చబరచుకున్నాకే చూడాలి. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుని కొసలు ఎర్రగా పండిన వేళ్లతో ఆకుపచ్చ సెన్సర్ సరిగా పనిచేయదు, ఆ ఎరుపు ఆకుపచ్చ వెలుగును మింగేస్తుంది. చెవి తమ్మె మీద పెట్టి చూడండి. చర్మం రంగు ముదురుగా ఉన్నా సిగ్నల్ తగ్గుతుంది, ఒకే మనిషి వేలితో సరిచేసిన థ్రెషోల్డ్ అందరికీ సరిపోదు. వేలి చెమట సెన్సర్ వెనకనున్న భాగాలను తాకితే అల అంతా గెంతుతుంది. ముందువైపు పారదర్శకమైన స్టిక్కరు, వెనకవైపు హాట్ గ్లూ వేయాలి. ఇది సరిగ్గా చదవడానికే కాదు, వేలి భద్రతకు కూడా.

భద్రత గురించి ఒక్క మాట గట్టిగా చెప్తాను. మనిషి వేలు తగిలే ఏ సర్క్యూట్‌నైనా ప్రదర్శనలో పవర్ బ్యాంకు మీదనో బ్యాటరీ మీదనో నడపాలి. గోడ ప్లగ్గుకు పెట్టిన చవక చార్జరు మీద నడపనివ్వకండి. ల్యాప్‌టాప్ తప్పనిసరైతే దాని చార్జరు తీసేయాలి. దీనివల్ల గుర్రు కూడా సగానికి సగం తగ్గుతుంది. సెన్సర్ దగ్గరే పవర్, గ్రౌండ్‌ల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, 10 మైక్రోఫారడ్‌ది ఒకటి పెడితే ఇంకొంత తగ్గుతుంది. మొదటిదాన్ని దుకాణంలో 104 అని అడిగితే ఇస్తారు.

మ్యాక్స్30100, మ్యాక్స్30102 అనే మాడ్యూళ్లు వేరే తరహావి. ఎరుపు, కంటికి కనబడని పరారుణ వెలుగు వాడి, అంకెలు నేరుగా ఐ2సీ మీద పంపుతాయి. వీటిలో థ్రెషోల్డ్ గొడవ తక్కువ, బోర్డుకు సెన్సర్ దొరకకపోవడం గొడవ ఎక్కువ. ఐ2సీ స్కానర్ కోడ్ (కలిపిన చిప్పులను వెతికేది) వేస్తే చిరునామా హెక్స్ 57 (16 ఆధారంగా రాసే అంకె) కనిపించాలి. కనిపించకపోతే వైర్లు చూడండి. ఊనోలో డేటా ఏ4, క్లాక్ ఏ5. ఈఎస్‌పీ32లో మామూలుగా 21, 22. వైర్లు సరిగా ఉన్నా కనిపించకపోతే మాడ్యూలు మీది పుల్-అప్ రెసిస్టర్లను (డేటా, క్లాక్ వైర్లను సరఫరా వోల్టేజీకి లాగి ఉంచేవాటిని) అనుమానించాలి. మార్కెట్లో తిరిగే కొన్ని మ్యాక్స్30100 మాడ్యూళ్లలో ఆ రెసిస్టర్లను 1.8 వోల్టులకు కలిపేశారు. 5 వోల్టుల ఊనోకు 3.5 వోల్టులు దాటితేనే అది ఒకటి అని అర్థమవుతుంది, 1.8 ఎప్పటికీ చాలదు. ఆ మూడు చిన్న రెసిస్టర్లనూ టంకం కరిగించి తీసేసి, బయట 4.7 కిలో ఓముల రెసిస్టర్లు రెండు 3.3 వోల్టులకు కలపాలి. 3.3 వోల్టుల బోర్డు వాడితే ఇది కచ్చితంగా సరిపోతుంది. ఊనోతో అయితే 3.5కు కొంచెం తక్కువే, సాధారణంగా నడుస్తుంది గానీ లెవెల్ షిఫ్టర్ (వోల్టేజీ స్థాయి మార్చే చిన్న భాగం) పెట్టడం పద్ధతి.

చిరునామా కనిపించి కూడా ప్రారంభం కాలేదని వస్తే చిప్పుకూ లైబ్రరీకీ పొత్తు కుదరలేదు. రెండు చిప్పుల చిరునామా ఒకటే అయినా లోపలి గుర్తింపు అంకె వేరు. 30100కు హెక్స్ 11, 30102కు హెక్స్ 15. మాడ్యూలు మీద ముద్రించిన పేరును నమ్మకుండా హెక్స్ ఎఫ్ఎఫ్ రిజిస్టర్ (చిప్పు లోపలి గడి) చదివి ఏ చిప్పో తేల్చుకోవాలి. మ్యాక్స్30102 పరారుణ రీడింగు వేలు లేనప్పుడు 50,000 లోపు ఉండి, వేలు పెట్టగానే ఒక్కసారిగా పైకి లేవాలి. 2,62,143 దగ్గర అతుక్కుపోతే ఎల్ఈడీ కరెంటు ఎక్కువైంది, తగ్గించాలి. ఈ చిప్పు ఆక్సిజన్ శాతం కూడా చెప్తుందని మురిసిపోవద్దు. 110లోంచి, ఎరుపు-పరారుణ సిగ్నళ్ల నిష్పత్తికి 25 రెట్లు తీసేసే సూత్రం వాడినంత మాత్రాన, మనుషుల మీద సరిచూడని పరికరం ఆక్సిజన్ మీటరు కాదు. ఆస్పత్రుల్లో వాడే ఆక్సీమీటర్లే నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ తగ్గుదలను తెల్లవారిలో కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు పట్టుకోలేకపోయాయని 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ప్రదర్శనలో ఆ నంబరు చూపకపోవడమే మంచిది.

ఇక సరిచూసే పద్ధతి. స్నేహితుడు మణికట్టు మీద నాడి పట్టుకుని గడియారం చూస్తూ పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టాలి. 15 సెకన్లు లెక్కించి నాలుగుతో గుణిస్తే ఒక్క స్పందన తేడా నాలుగు అవుతుంది. కూర్చున్నప్పుడు ఒకసారి, 30 గుంజీళ్లు తీసిన వెంటనే ఒకసారి, మూడు నిమిషాలు ఆగి ఇంకోసారి. మూడుసార్లూ పరికరం మణికట్టుతో పాటు పెరిగి, తగ్గాలి. తేడా రెండు మూడు స్పందనల లోపు ఉంటే అది పనిచేస్తోంది. గుంజీళ్ల తర్వాత కూడా 72 అంటే పనిచేయడం లేదు. గుండె లయ తప్పే జబ్బు ఉన్నవారిలో ఈ సగటు నంబరు ఆ లయ తప్పడాన్నే దాచేస్తుంది కనుక, మంచి అల వచ్చినా సరే ఇంట్లో రోగులకు దీన్ని వాడొద్దు.

మీ పత్రిక విద్యార్థుల పేజీలో ఇలాంటి ప్రాజెక్టు వేసినప్పుడు సర్క్యూట్ బొమ్మ పక్కన సరఫరా వోల్టేజీని, దానికి తగ్గ థ్రెషోల్డ్‌ను కలిపి ముద్రించాలని కోరుతున్నాను. ఒకటి వేసి రెండోది వదిలేస్తే ఇంట్లో కట్టేవారికి పనిచేయదు. ప్రదర్శనలు నిర్వహించే జిల్లా విద్యాశాఖ అధికారులకూ, కాలేజీలకూ విన్నపం ఏమిటంటే, మార్కుల పట్టికలో ఈ పరికరానికి మూడు గడులు పెట్టండి: సీరియల్ ప్లాటర్‌లో ముడి అల, రబ్బరు ముక్క మీద ఒక నిమిషం పెట్టినప్పుడు తెర మీద నంబరు బదులు అడ్డగీతలు, గుంజీళ్ల తర్వాత మణికట్టు లెక్కతో పోలిక. ఒక్కో బల్లకు ఐదు నిమిషాలు పడుతుంది. గుంజీళ్లు పరికరం కట్టిన విద్యార్థి కాకుండా పక్క బల్ల విద్యార్థి తీస్తే, ఒకరి వేలికే సరిచేసిన థ్రెషోల్డ్ ఉందో లేదో కూడా అక్కడే తేలిపోతుంది.

ఇట్లు,
ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ అధ్యాపకుడు,
మలక్‌పేట, హైదరాబాద్